నాయన పెట్టిన కిటికీ

మా చిన్నప్పుడు... తిరుత్తణి పక్క మా ఊళ్ళో, మగ్గం గదికి కిటికీ ఉండేది కాదు. నాలుగు వైపులా మట్టి గోడలు. అమ్మ మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని, తెగిన పోగును తడుముకుంటూ వెతుక్కునేది. సాయంత్రానికి కళ్ళు చింతనిప్పులే...

అది చూడలేక నాయన, కడంబత్తూరులో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే ఒక కిటికీ తెచ్చాడు. మేస్త్రీని పిలవలేదు. నేత తప్ప వేరే పని రాని మనిషి, గడ్డపారతో తనే గోడ తొలిచాడు. కంత కిటికీ కంటే జానెడు పెద్దదైంది. సందుల్లో పెంకు ముక్కలు కూరి మట్టి మెత్తేశాడు.

"ఇంక నీ కండ్లకు కష్టముండదులే," అన్నాడు. అమ్మ మురిసిపోయి, ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది.

ఐప్పసి నెల, దీపావళి నాటి వానలు మొదలయ్యాయి... కిటికీ రెక్క మూతపడలేదు. చెక్క ఉబ్బిందని నాయన చిత్రిక పట్టాడు. వారం తిరిగేసరికి మళ్ళీ పట్టేసింది. మళ్ళీ చిత్రిక.

"ఏమయ్యా, పైన గోడ చీలినట్టుండాదే?" అంది అమ్మ.

"మట్టి గోడ చీలక ఏం చేస్తాది? నువ్వు నెయ్యి."

ఒక మధ్యాహ్నం నేను వసారాలో కండెలు చుడుతున్నాను. పెద్ద చప్పుడు... కిటికీ పైగోడ మొత్తం మగ్గం మీదికి వచ్చేసింది. గుంటలో కాళ్ళున్న మనిషి చటుక్కున ఎలా లేస్తుంది? నాయన చేతులతో మట్టి తోడుతూ అమ్మను పేరు పెట్టి అరిచాడు. ఆయన నోట ఆ పేరు వినడం నాకదే మొదటిసారి.

అమ్మ బతికింది. కుడి మోకాలు మాత్రం మళ్ళీ వంగలేదు. ఇక మగ్గం తొక్కలేకపోయింది.

గోడ కట్టడానికి మా మేనమామ వచ్చాడు, ఆయన మేస్త్రీ. చిత్రిక పట్టిన రెక్కను చేతిలోకి తీసుకుని చూశాడు.

"చెక్క ఉబ్బలేదు బావా... గోడ దిగింది. పైన గోడ బరువు మోసేదానికి దూలం యాడ పెట్నావు?"



కొత్త గోడలో కిటికీ వద్దే వద్దన్నాడు నాయన. "నా కాలు పోతే పోయింది, నీ కండ్లన్నా కాపాడుకోయ్యా," అని అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. ఆ చీకట్లోనే ఒంటరిగా ఏళ్ళ తరబడి నేశాడు. చివరికి చూపు బాగా మందగిస్తే, అమ్మే కుంటుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించేది...

ఇప్పుడు మా వీధంతా కాంక్రీటు ఇళ్ళు, గోడంత అద్దాల కిటికీలు. మగ్గాలు లేవు. ప్రేమతో చేసిన పొరపాటుకు తమకు తామే శిక్ష వేసుకున్నవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉన్నారా? ఉంటే, నాకు చెప్పే ముందు వాళ్ళతో ఒక మాట మాట్లాడండి.

"నీ తప్పేం లేదు నాయనా" అని నేను ఒక్కసారి కూడా అనలేదు. ఆయన పోయేదాకా... అమ్మ కాలు పోగొట్టాడన్న కోపం నాకు తగ్గలేదు.