గుడారాల ఇత్తడి పొయ్యి

మా మామగారు పోయారన్న కబురు రాయచోటికి మధ్యాహ్నపు బస్సులో వచ్చింది. మా అత్తవారి వీధిలో పక్క మగ్గం ఆయన బస్సు దిగి వచ్చి, మా పుట్టింటి అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగినాక గాని నోరు విప్పలేదు. "నిన్న పొద్దున నేస్తా నేస్తానే ఎద పట్టుకున్యాడమ్మా. డాక్టరును పిల్చుకొచ్చేలోపల అయిపాయ" అని మా అమ్మతో చెప్పాడు.

నేను లోపల పురిటి మంచం మీద ఉన్నాను. పక్కలో పసిబిడ్డ. మా అమ్మ తలుపు దగ్గరికి వేసింది గాని, ఆ గొంతు నేను గుర్తుపట్టాను, మాట కూడా విన్నాను. పచ్చి బాలింతను ప్రయాణం చేయనివ్వలేదు. కడసారి చూపు నాకు దక్కలేదు. ఆయన గురించి నలుగురికీ చెప్పుకుంటే గాని మనసు కుదుటపడేలా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మీరు ఎరిగిన మనిషి కాదు. పెన్న ఒడ్డున ఉన్న ఊళ్ళో నూలు చీరలు నేసేవారు. బక్కపలచని మనిషి. గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేచేవారు కారు. తెగిన పోగులను పారేయక బొటనవేలికి చుట్టుకోవడం ఆయనకు అలవాటు. సాయంత్రానికి ఆ వేలు రంగుల నూలు చుట్టిన కండెలా తయారయ్యేది. మాట తక్కువ. కోపం వస్తే లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేవారు, అంతే.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే నాకు ఉబ్బసం ఉంది. ఎండ కాసే మా పుట్టింటి పెరట్లో వండినంత కాలం అది పెద్దగా బాధించలేదు. అత్తవారింట్లో వంటగది మగ్గాల సాల వెనక ఉంది. కిటికీ లేదు. కందికట్టె, వేరుశనగ పొట్టు, వానల్లో అయితే తడిసిన పిడకలు. పొయ్యి రాజుకునేలోపే పొగ ఇల్లంతా కమ్మేది. రెండో ఏడు నేను నీళ్ళోసుకున్నాను. ఆ చలికాలం దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరి అందక, ఐదో నెలలో కడుపు పోయింది. కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు ఇచ్చి, "ముందు ఆ పొగలోంచి బయటపడమ్మా. లేకుంటే ఈసారి నీ ప్రాణం మీదికే వస్తుంది" అన్నారు.

ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. నేను పొయ్యి దగ్గరికి పోకపోయినా ఇల్లంతా అదే పొగ కదా. ఎక్కడికని బయటపడేది? కొన్నాళ్ళకు అత్తగారి తమ్ముడు వచ్చి మగ్గాల సాలలో కూర్చున్నాడు. "ఆ పిల్లను పుట్టింటికి పంపించేయండి బావా. మనోనికి ఇంకో సంబంధం చూద్దాం. ఊపిరే సరిగా ఆడని మనిషితో సంసారం ఎట్ల సాగుతాది?" అన్నాడు. నేను తలుపు చాటున ఉన్నాను. మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

మామగారు చిక్కుపడిన నూలు విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నారు: "చిక్కును గుంజితే బిగుస్తాదప్పా. వదులు చేసుకుంటా పోవాల. పాప యాడికీ పోదు." నన్ను ఆయన పాప అనే పిలిచేవారు.

ఆ తర్వాత ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు.

ఆ నెలలోనే ఆయన చీరల మూటతో కర్నూలు వెళ్ళారు. అక్కడ ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఉన్న రోజుల్లో ఉద్యోగులు గుడారాలు వేసుకుని కాపురాలు చేయడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పట్లో చీరలు చూపించడానికి పోయిన ఒక గుడారంలో ఒక గుమాస్తా భార్య ఇత్తడి పొయ్యి మీద పప్పు ఉడికిస్తుండగా ఆయన చూశారట. పొయ్యి కంటే ఆమె మొహమే ఆయనకు గుర్తుండిపోయింది. "వంట చేస్తాండాది పాపా, ఆయమ్మ కండ్లల్లో నీళ్ళు లేవు" అని నాతో చెప్పారు.

ఈసారి ఆయన వెళ్ళేసరికి రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేశారు. మిగిలిన మడత మంచాలు, లాంతర్లు, రేకు పెట్టెలు పాత సామాన్ల అంగళ్ళకు చేరాయి. ఆ కుప్పల్లో వెతికి వెతికి అటువంటి పొయ్యినే ఒకదాన్ని పట్టుకుని, తుండులో మూటగట్టి తెచ్చారు. క్యాంపులకు తిరిగే అధికారుల కోసం చేసిన కిరసనాయిలు స్టవ్వు అది. కాళ్ళు మడిచి రేకు పెట్టెలో సర్దుకోవచ్చు. కాని పొట్టకు సొట్ట, ఒంటినిండా చిలుము, ఒక కాలు వంకర. పంపు కొడితే గాలి నిలిచేది కాదు.

అత్తగారు మూట విప్పి చూసి, "ఏమయ్యా, చీరలిచ్చి చిలుమెక్కిన చెంబు తెస్తివా?" అన్నారు.

మామగారు చింతపండు పెట్టి దాన్ని తోముకున్నారు. పొద్దుటి నేత అయిపోయాక పంచలో కూర్చుని ఒక్కొక్క మర విప్పేవారు. విప్పినదాన్ని విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకునేవారు. పోగు వరుస తప్పితే చీర చెడుతుందన్న భయం ఆయనది. పంపు లోపలి తోలు బిళ్ళ ఎండి పెళుసై, ముట్టుకుంటే రాలిపోయింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మెత్తని తోలు ముక్క అడిగి తెచ్చి, గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి ఎక్కించారు. గాలి పట్టింది. ఆ రోజు ఆయన అన్నం తింటూ తనలో తాను నవ్వుకోవడం చూశాను.

ఆయిలు ఆవిరై పైకి వచ్చే సన్నని బెజ్జం మసితో పూడిపోయి ఉంది. జరీ పోగుతో పొడిచి చూశారు, అది వంగిపోయింది. సూదితో పొడిచారు. బెజ్జం తెరుచుకుంది. సాయంత్రం పంచలో వెలిగించారు. నీలి మంట రావలసింది పోయి, పసుపుపచ్చని మంట ఒక్కసారిగా లేచి పైన వెదురుకు తగిలింది. అత్తగారు తడిగోనె తెచ్చి పొయ్యి మీద కప్పేశారు.

"ఇల్లు తగలబెడతావా ఏంది? ఈ వయసులో నీకిదేం పిచ్చి? మేమందరం ఆ పొగలో వండే ముసిలోళ్ళమైతిమి గదా" అన్నారు ఆయాసపడుతూ.

మామగారు లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు. "నీ కండ్లు చూసే ఇదంతా చేస్తాండా. నీ కండ్లు పాడయ్యేదాకా నాకు తోచలే. ఈ పాప ఊపిరన్నా నిలబెడదాం" అన్నారు.

అత్తగారి కళ్ళకు అప్పటికే పొర కమ్మి ఉంది. సూదిలో దారం ఎక్కించలేరు. ఆవిడ గోనెను దండెం మీద ఆరేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఇద్దరూ పోట్లాడుకోగా నేను చూసింది అదొక్కసారే.

మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు గ్యాసులైట్లు బాడుగకు ఇచ్చే సాహెబు ఉన్నాడు. మామగారు పొయ్యిని ఆయన దగ్గరికి తీసుకుపోయారు. సాహెబు బెజ్జాన్ని ఎండకు పెట్టి చూశాడు. "సూదితో పొడిచినావు గదన్నా. చిల్లి పెద్దదాయ. ఇంక మంట యాడ ఆగుతాది? ఈ ముక్కు మార్చాల. మద్రాసులో దొరుకుతాది, మా తమ్మునికి చెప్తా. ఇంగోటి, ఈ అతుకులో సన్న పగులుండాది. గాలి ఈడ పోతాంది" అన్నాడు.

"చెడగొట్టింది నేనే అయితి. బాగయ్యేదాకా నీ కాడికే వస్తా" అన్నారు మామగారు.

మద్రాసు నుంచి ముక్కు రావడానికి నెలలు పట్టింది. ఈలోగా ఇద్దరూ కలిసి ఆ పగులుకు మాటు వేశారు. నీళ్ళ తొట్టిలో ముంచి, పంపు కొట్టి, బుడగ లేస్తుందేమోనని తొట్టి మీదికి వంగి చూసేవారట. బుడగ లేస్తే మళ్ళీ కాల్చడం, మళ్ళీ అతకడం. చూసిపోయేవాళ్ళు నవ్వేవారు. "దారం తెగితే మగ్గాన్ని తిడతామా? ముడి వేసుకుంటాం" అనేవారు మామగారు.

ఉగాది పోయాక, కొత్త ముక్కు బిగించి, ఒక పొద్దున పంచలో మళ్ళీ వెలిగించారు. పొయ్యి వేడెక్కడానికి దాని మెడ చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, అది పూర్తిగా కాలేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నారు. "తొందరపడితే పచ్చమంట, ఓర్చుకుంటే నీలిమంట అన్యాడు సాహెబు" అన్నారు. తర్వాత నిదానంగా పంపు కొట్టారు. బుస్సుమని మొదలైన చప్పుడు సన్నని హోరుగా నిలబడింది. నీలి మంట గుండ్రంగా విచ్చుకుంది.

"రా పాపా. దగ్గర కూర్చో. ఊపిరి పీల్చు" అన్నారు.

పీల్చాను. కాస్త కిరసనాయిలు వాసన, అంతే. దగ్గు రాలేదు. మళ్ళీ పీల్చాను. మామగారు తుండుతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగారు. ఆ పూట అన్నం నేనే వండాను. అత్తగారు మొదటి ముద్ద నోట పెట్టుకుని, "వాసనేం లేదులే" అన్నారు.

అప్పటినుంచి వారానికోసారి ఆ పొయ్యిని ఆయనే విప్పి తుడిచేవారు. నన్ను ఒంట్లో ఎట్లా ఉందని ఎప్పుడూ అడగలేదు. "మామా, మళ్ళీ ఎందుకు విప్పినారు, బాగానే మండుతోంది గదా" అంటే, "మంట కాదు పాపా, నిన్న రాత్రి పండుకుంటివా లేదా అది చెప్పు" అనేవారు. పడుకున్నానని చెబితే లేచి మగ్గంలోకి పోయేవారు. ఆ ఏడు చలికాలం నాకు సుఖంగా గడిచింది. మరుసటి ఏడు మళ్ళీ నీళ్ళోసుకున్నాను.

నెలలు నిండుతుండగా నన్ను పుట్టింటికి పంపించారు. ఆయనను నేను చివరిసారి చూసింది ఆ రోజే. పెన్న అవతలి ఒడ్డున బస్సు ఎక్కించడానికి మామగారు, అత్తగారు బండిలో నాతో వచ్చారు. చూస్తే రేకు పెట్టె కూడా బండిలో ఉంది.

"ఇదెందుకు మామా? ఇంట్లో మీకు?" అన్నాను.

"మీ అమ్మ కాడా కట్టెల పొయ్యే గదా. మీ అత్తకు బయట గాలిలో పొయ్యి వేసిచ్చినా. నువ్వు తీస్కపో" అన్నారు.

పెన్నలో నీళ్ళు లేవు. అంతా ఇసుక. అక్కడక్కడ దోసపాదులు. నది నడుమ ఎద్దులు రొప్పుతుంటే బండివాడు కాడి విప్పాడు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మామగారు ఒక చదును రాయి వెతికి, దాని మీద పొయ్యి కాళ్ళు విప్పి నిలబెట్టి టీ నీళ్ళు పెట్టారు. కాని పడమటి గాలి మంటను నిలవనివ్వలేదు. రెండుసార్లు ఆరిపోయింది.

"నువ్వు మంట చూసుకో పాపా. నేను గాలికి అడ్డం నిలబడతా" అన్నారు. భుజం మీది తుండు తీసి, రెండు చేతులూ చాచి పట్టుకుని, గాలికి వీపు పెట్టి నిలబడ్డారు. ఇసుక ఎగిరి వచ్చి ఆయన వీపుకు, పిక్కలకు కొడుతోంది. కళ్ళు మూసుకున్నారు గాని కదల్లేదు. ఆయన నీడలో నీలి మంట నిలకడగా మండుతోంది. గిన్నెలో నీళ్ళు సన్నగా మరగడం మొదలుపెట్టాయి.