ఉడకేసిన పంచె

గడిచిన కార్తీకంలో ఇరవై రోజులపాటు నేను మా ఇంటి తిన్నె మీద ఒక బక్కెట్టు నీళ్ళు, ఒక చెంబు, ఒక సబ్బు బిళ్ళ పెట్టుకుని కాపలా కూర్చున్నాను. నగరిలో మా వీధి మొత్తం నేత ఇళ్ళే. ఒకరింట్లో తుమ్మితే పదిళ్ళకు వినిపిస్తుంది. ముసలాయనకు మతి చలించిందని రెండో రోజుకే అందరికీ తెలిసిపోయింది.

లోపల మా కడగొట్టు కొడుకు బిడ్డ ఉంది. కోడలికి తల్లి లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. నెల ముందే పుట్టిన పిల్ల. నా అరచేతిలో తల ఆనిస్తే కాళ్ళు మోచేతి దాకా రావు. తిరుపతి ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. పెద్దవాళ్ళకు నాలుగు రోజుల్లో పోయే జలుబు ఈ పాపకు ఊపిరి మీదికి వస్తుంది, చేతులు కడుక్కోకుండా ఎవరూ తాకొద్దు, జలుబున్నవాళ్ళు గదిలోకే రావద్దు అని. కొడుకు, కోడలు, నా భార్య, నేను, నలుగురం తలలూపాము. బస్సు పుత్తూరు దాటేసరికి నా తల ఒక్కటే ఆ మాటను మోసుకొస్తోందని నాకు అనిపించింది.

ఇంతకంటే తేలికైన పని లోకంలో ఇంకేముంది? వాన మొదలైన వారానికి మా వీధి వీధంతా ఇంజెక్షన్ కోసం వరసలో నిలబడుతుంది. ముక్కు చీదిన చేత్తోనే బస్సు కమ్మీ పట్టుకుంటారు, ఆ చేత్తోనే అన్నం కలుపుతారు, ఆ చేత్తోనే పసిబిడ్డ బుగ్గ గిల్లుతారు. కిటికీ తెరవమంటే చలిగాలి అంటారు. పదిమంది పీల్చి వదిలిన గాలినే తలుపులు బిగించుకుని మళ్ళీ పీలుస్తారు. దగ్గేటప్పుడు మోచెయ్యి అడ్డం పెట్టుకోమంటే పళ్ళికిలిస్తారు. కరోనా నాడు సున్నం గీతల్లో నిలబడి, ఇంటికి తెచ్చిన కూరగాయల్ని కూడా సబ్బునీళ్ళలో ముంచిన జనం వీళ్ళే. భయం పోగానే సబ్బు కూడా పోయింది.

మొదటి వారంలో ఎదురింటి నేతగాడు వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న.

"ఏందప్పా, ఈడేమన్నా చెక్‌పోస్టు పెట్టినావా? నా చేతులకు అద్దకం రంగు తప్ప మురికి యాడుండాది?"

"రంగు కంటికి కనపడతాది. నా భయం కనపడనిదాని మీద. కడుగు."

"కడిగితే సాలా, టిక్కెట్టు కూడా తీసుకోవాల్నా?"

అంటూనే ముక్కు ఎగబీల్చాడు. నేను చెంబు కింద పెట్టేశాను.

"నీకీ పొద్దు దర్శనం లేదబ్బా. ముక్కు ఆరినాక రా."

వాడు నవ్వుకుంటూ పోయాడు గానీ, ఆ మాటను వీధి చివరి దాకా మోసుకుపోయాడు. సాయంత్రానికి పిల్లలు కూడా నన్ను చూసి "తాతా, దర్శనం ఉండాదా?" అని అరవడం మొదలుపెట్టారు.

ఇంట్లోవాళ్ళే సిగ్గుపడ్డారు. "పొరుగోళ్ళు ఏమనుకుంటారు నాయనా" అన్నాడు కొడుకు. పొరుగువాళ్ళు ఏమనుకుంటారో యాభై ఏళ్ళుగా నాకు తెలుసు. బిడ్డ పోతే దిష్టి అనుకుంటారు.

ఇక్కడ మా నేత ఇళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మగ్గం మీంచి దిగిన గుడ్డకు గంజి ఉంటుంది. బిరుసు. పసిబిడ్డ ఒంటికి గీరుకుంటుంది. ఊరందరికీ తువ్వాళ్ళు, పంచెలు నేసే మేము మా బిడ్డలకు మాత్రం కొత్త గుడ్డ చుట్టము. ఇంట్లో పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన గుడ్డే చుడతాము. ఆ పెద్దవాళ్ళ ఆయుష్షు కూడా బిడ్డకు వస్తుందని ఒక నమ్మకం. మంచి ఆచారమే. మెత్తదనం నిజమే. కానీ ఆ గుడ్డ ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో అడిగే ఆచారం మాత్రం మాకు లేదు.

నా మొదటి కొడుకు పుట్టింది ఇలాంటి వానల్లోనే. అప్పుడు నాకు మూడు రోజులుగా జలుబు. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం నేస్తూ, కారే ముక్కును భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ ఉన్నాను. ఆ తువ్వాలే చెమటకు, మూతికి, అన్నం తిన్న చేతికి కూడా. ఇల్లంతా చెమ్మ. బిడ్డ వణుకుతున్నాడని మా అక్క మెత్తటి గుడ్డ అడిగింది. భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాను. నాలుగేళ్ళు వాడిన తువ్వాలు, వెన్నలాగా ఉండేది. నా గుడ్డలో నా కొడుకు నిద్రపోతుంటే గర్వంగా చూసుకున్నాను కూడా.

రెండు రోజులకు బిడ్డ ముక్కు మూసుకుపోయింది. పాలు తాగలేకపోయాడు. ఆ మరుసటి రోజు డొక్కలు ఎగరేయడం మొదలైంది. ఏరు పొంగి బస్సు లేదు. తాయెత్తు కట్టించాము, ఉప్పు, మిరపకాయలు దిగదీశాము. పదిహేనో రోజున పోయాడు. వాడికింకా పేరు పెట్టలేదు.

నా చదువు మూడో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా చెనక్కాయల పొట్లాల కాగితాలే. బిడ్డ పోయిన పన్నెండేళ్ళకు అలాంటి ఒక పొట్లం విప్పితే, జలుబు చలిగాలి వల్ల రాదని, మనిషి నుంచి మనిషికి చేతుల మీద, గుడ్డల మీద, దగ్గు మీద ఎక్కి వస్తుందని రాసి ఉంది. ఆ ముక్కలో సగమే ఉంది, మిగతా సగం చిరిగిపోయింది. నాకు ఆ సగం చాలింది. చెనక్కాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. నా తువ్వాలే చేసిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. చెయ్యలేదని కూడా ఎవరూ నాకు రుజువు చెయ్యలేదు. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. ఎలా చెప్పను? తర్వాత పుట్టిన ముగ్గురికీ ఆమె నా గుడ్డ తగలనివ్వలేదు. తన పాత చీరలే ఉడకేసి చుట్టింది. పోయినవాడి గుర్తు, అపశకునం అనుకుంటోందని నేను అనుకున్నాను.

అందుకే ఈసారి కోడలు "మామా, మీ పాత పంచె ఒకటి ఉంటే ఇయ్యండి, మెత్తగా ఉంటాది" అని అడిగితే నాకు ఆ తువ్వాలే గుర్తొచ్చింది. ఇస్తానన్నాను. పంచెను సబ్బునీళ్ళలో అరగంట ఉడకేసి, రెండు సార్లు జాడించి, ఎండ లేదని ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి మరీ ఇచ్చాను.

ఇరవై ఒకటో రోజు తొట్లో వేసే పండగ. వచ్చినవాళ్ళలో సగం మంది గొణుక్కుంటూ కడుక్కున్నారు, సగం మంది వేళ్ళ కొసలు తడిపి నన్ను మోసం చేశామనుకున్నారు. వాళ్ళను వెనక్కి పిలిచి మళ్ళీ కడిగించాను. మధ్యాహ్నానికి మా అక్క వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కాణిపాకం వినాయకుణ్ణి చూసి, రెండు బస్సులు మారి, వానలో తడిసి వచ్చింది. గొంతు బొంగురు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మెట్టెక్కింది.

"అక్కా, నువ్వు ఈడ్నే కూర్సో. పాపను కిటికీలోంచి సూపిస్తాను."

"ఏందిరా? నేను పాపకు ఇబూది పెట్టాలని పిళ్ళారి కాడి నుంచి వస్తా ఉంటే, నన్ను గడప కాడ నిలబెడతావా?"

"జలుబు చేసుండాది నీకు."

"ఎవురికి సెయ్యదురా జలుబు? మనం బిడ్డల్ని సాకలేదా? అప్పుడు సబ్బులుండినాయా, బక్కెట్లుండినాయా? నీ పెద్దోడికి నీ బుజం మీది తువ్వాలే గదా నువ్వు తీసిస్తివి, నేనే గదరా సుట్టింది..."

అక్క అక్కడ ఆగిపోయింది. పోయినవాడు అప్పుడు గుర్తొచ్చాడేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు వెనక నా భార్య తాంబూలం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. మొత్తం వింది.

ఇరవై రోజులు ఊరినంతా ఆపినవాణ్ణి. ఆ ఒక్క మాటకు నేను పక్కకు జరిగాను. అక్క లోపలికి పోయి, మనవరాలి నుదుటికి విభూతి పెట్టి, మూతి మీద ముద్దు పెట్టి, కారిన చొంగను తన కొంగుతో తుడిచింది. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

మూడో రోజు పాప ముక్కు మూసుకుపోయింది. రొమ్ము పట్టి రెండు గుక్కలకే వదిలేసి, గొంతు లేని ఏడుపు ఏడ్చింది. కోడలు ఇంక ఎవరినీ అడగలేదు. పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది. కొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని వెనక పరుగెత్తాడు. తిరుపతి ఆస్పత్రిలో పాపకు ఆరు రోజులు గొట్టం పెట్టి గాలి పట్టారు.

ఆ ఆరు రోజుల్లో ఊరు తీర్పు చెప్పేసింది. అక్క ఫోన్ చేసింది.

"నువ్వే గదరా పొద్దుగూకులూ తలుపుకాడ అందరి ముక్కుల ముందర కూర్సున్నావు. నీ నుంచే తగులుంటాది."

నీ కొంగు అని అనవచ్చు. కానీ జరిగి దారి ఇచ్చింది ఎవరు? ఎదురింటివాడు కూడా మెట్టు దాకా వచ్చి, "ఏమప్పా, ఇంత కాపలా కాసినా రానే వచ్చిందే" అన్నాడు. వాడి గొంతులో జాలి ఉంది. అది నాకు వెక్కిరింత కంటే ఎక్కువ తగిలింది.

పాప బతికింది. ఏడో రోజు ఇంటికి తెచ్చారు. ఈసారి గడపలో కోడలే నిలబడి, ముందు తన భర్తనే ఆపింది. "సేతులు కడుక్కోని రా. నీకు మాత్రం వేరే సట్టమా?" అంది. ఇరవై రోజులు నా మాట విని సిగ్గుపడిన కొడుకు, బక్కెట్టు దగ్గరికి పోయి కడుక్కున్నాడు.

నేను అప్పటికే ఇంకో పాత పంచె ఉడకేసి, ఎండలో రెండు పూటలు ఆరేసి, మడిచి పెట్టుకుని ఉన్నాను. తీసుకుపోయి కోడలికి ఇయ్యబోయాను. మధ్యలో నా భార్య చెయ్యి చాచి దాన్ని అందుకుంది. మడత విప్పింది. వంటింట్లోకి పోయి, పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, పంచెను అందులో ముంచింది.

"ఉడకేసినానే. రెండు పూటలు ఎండేసినాను."

"తెలుసు" అంది. నావైపు చూడలేదు. "ఇంకోసారి ఉడకనీ."

తన తర్వాతి మూడు పురుళ్ళలో పొయ్యి మీద ఉడికిన పాత చీరలు నా కళ్ళ ముందుకొచ్చాయి. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. గరిటెతో పంచెను నీళ్ళలోకి అణుస్తూ, "కొంచెం జరుగు" అంది. నేను జరిగాను. నీళ్ళు మరిగేదాకా ఇద్దరం ఆ పొయ్యి దగ్గరే నిలబడ్డాము.