మా అత్త చేసిన జెపం

మొన్న మా మనవరాలు కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసింది. చంటిబిడ్డకి మూడో నెల. పెద్దదాన్ని స్కూలుకి పంపకుండా ఇంట్లోనే చదివిస్తా ఉండాది, ఇప్పుడు అదొక కొత్త పద్ధతంట. "అవ్వా, తల దువ్వుకునేదానికి కూడా టైమ్ లేదు. సాయంత్రం జెపానికి మోకరిస్తే నిద్దరొచ్చేస్తా ఉండాది. దేవుడు ఏమనుకుంటాడో," అనింది. "ఏమీ అనుకోడులే, ఆయనకి అలవాటే. నేను ఎన్నిసార్లు ఆయన ఎదురుగా గుర్రు పెట్టలేదు!" అన్నాను. ఫోన్ పెట్టేసినాక అప్పటి రాజపాళయం ఇల్లే కళ్ళల్లో తిరిగింది.

అరవైల్లో మాట. మా ఆయనకి నూలుమిల్లులో పని. మిల్లు సంగు, అదే సైరన్, కూస్తేనే మాకు పొద్దు ఎంతయిందో తెలిసేది. ఎన్నో ఏళ్ళ తరువాత నాకు రెండో కాన్పయి మగబిడ్డ పుట్టినాడు. అదే నెలలో మా పెద్దపిల్ల పెద్దమనిషైంది. ఉన్నది ఒకే గది, ఒక మూల నా పురిటిమంచం, ఇంకో మూల దాని చాప. మేము వేదంలో చేరి, అంటే కిరస్తానంలో కలిసి, ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాళ్ళమే. అయినా మా అత్త పిల్లని స్కూలు మానిపించేసింది. "వేదంలో చేరితే మాత్రం? వయసుకొచ్చిన పిల్ల పుస్తకాలెత్తుకొని వీధిలో పోతే సేత్తూరులో మనవాళ్ళు ఏమంటారు?" అనింది. సేత్తూరు చుట్టాలు మా వేదంలో చేరలేదు, మా ఇంటికి వచ్చి నీళ్ళు కూడా తాగరు. ఆమెకి మాత్రం పాస్టరు మాటకన్నా వాళ్ళ మాటే భయం. పిల్లకేమో టీచరు కావాలని పిచ్చి. చిన్నప్పుడు బిందెల్ని వరసగా పెట్టి పాఠం చెప్పి, పలకని బిందెకి ఒకటి తగిలించేది. ఎనిమిదో క్లాసు పరీక్ష రాస్తేనే ట్రెయినింగులో చేరేది. నేను చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిది దాకా చదివినదాన్ని. ఇంట్లోనే నేను చదివిస్తాను, పరీక్షకి మాత్రం పోయి రాసి వస్తుంది అని పట్టు పట్టినాను. హెడ్‌మిస్ట్రెస్ సరే అనింది. "ఏమన్నా చేసుకో, ఇంటిపని మాత్రం ఆగకూడదు," అనింది మా అత్త.

ఎంత సులభంగా ఒప్పుకున్నానో! చీర ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకొని, చేత్తో బియ్యం ఏరుతా, నోటితో భిన్నాలు చెప్పేదాన్ని. రుబ్బురోలు దగ్గర భూగోళం, పొయ్యి దగ్గర ఇంగ్లీషు. ఒకరోజు తామ్రపర్ణి ఎక్కడ పుడతదో చెప్తా చెప్తా, నది ఇంకా కొండ దిగకముందే గోడకి ఆనుకొని నిద్దరపోయినాను. కళ్ళు తెరిస్తే పొయ్యి మీద దోసె బొగ్గయింది, పిల్ల మాత్రం పెన్సిల్ పట్టుకొని అట్లే కూర్చోనుండాది. ఒళ్ళు హూనమైపోయేది. ఏడుద్దామన్నా తీరిక ఉండేది కాదు.

సాయంత్రం దీపం పెట్టినాక ఇంటి జెపం. చిన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టి ఒకరి తరువాత ఒకరు పైకి చెప్పాల. ఒకరు జెపం చేస్తా ఉంటే ఆమెన్ అనేదాకా ఇంకొకరు నోరెత్తకూడదు. అందుకని మొహం మీద అనలేని మాటలన్నీ మేము దేవుడి మీద పెట్టి అనుకునేవాళ్ళం. "దేవా, పెద్దవాళ్ళ నోటికి కొంచెం చల్లదనం ఇయ్యి," అని నేను. "దేవా, నా కోడలికి మతి ఇయ్యి, చారులో రెండుసార్లు ఉప్పెయ్యకుండా చూడు," అని ఆమె. పెద్దది కాబట్టి చివరి మాట ఎప్పుడూ ఆమెదే!

పరీక్ష దగ్గరపడిన రోజులు. మా ఆయన రెండో షిఫ్టుకి పోయినాడు. ఆ పొద్దు బిడ్డకి జ్వరం, చంక దిగలేదు. పాఠం లేదు, ఏమీ లేదు. వాణ్ణి ఒళ్ళో వేసుకొని జెపానికి కూర్చున్నాను. ముందు పిల్ల మొదలుపెట్టింది.

"దేవా, నాకు పరీక్ష వద్దు. అమ్మ చచ్చిపోతదేమోనని భయంగా ఉండాది. తమ్ముణ్ణి ఎత్తుకొని నేను ఇంట్లోనే ఉంటాను. టీచరు కావాలని ఇంక నిన్ను అడగను. ఆమెన్."

నిజం చెప్తాను, నా ఒళ్ళు మాత్రం హమ్మయ్యా అనింది. ఆ వెంటనే గుండె పిండినట్టయింది. తరువాతి వంతు నాది. వద్దమ్మా, అట్లా అడగొద్దు అని చెప్పాలని నోరు తెరిచినాను. ఉత్త ఆమెన్ అని ఊరుకున్నాను.

మా అత్త గట్టిగానే మొదలుపెట్టింది.

"దేవా, ఆ పిల్ల ఇప్పుడు అడిగింది నువ్వు చెవిన వేసుకోవద్దు. చిన్నది, తెలీక అడిగింది. రేపట్నుంచి తెల్లారింది మొదలు మధ్యాన్నం సంగు కూసేదాకా బిడ్డ నా దగ్గరే ఉంటాడు. రుబ్బేది నేనే రుబ్బుకుంటాను. పరీక్షకి కూడా నేనే తీసుకపోయి స్కూలు వాకిట్లో కూర్చుంటాను. సేత్తూరువాళ్ళు ఏమన్నా అంటే నువ్వు చూసుకో. ఆమెన్."

కళ్ళు తెరిచి, నా మొహం చూడకుండానే రెండు చేతులూ చాపింది. "ఇట్లియ్యి వాణ్ణి."

దేవుడికి చెప్పిన మాట కదా, తప్పలేదు. పరీక్ష జరిగినన్నాళ్ళూ ఎండలో స్కూలు వాకిట్లోనే కూర్చునింది. పిల్ల టీచరై, సత్రపట్టి స్కూల్లో పనిచేసి రిటైరు కూడా అయింది. ఆ నెలల్లో మా అత్త బిడ్డని భుజాన వేసుకొని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతా ఉంటే, అబ్బా, ఈ ముసలామెకి ఎంత ఓపిక అనుకునేదాన్ని. ఇప్పుడు నేను ఆమె వయసు ఎప్పుడో దాటేసినాను. ఆ వయసులో ఒంట్లో ఓపిక ఉండదు, ఆమెకీ ఉండి ఉండదు. అది తెలిసేదానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, చెప్పుకుందామంటే ఆమె లేదు.