మసకలో నిలబడ్డ యాకోబు

జహీరాబాద్ బస్టాండుకు ఎదురు సందులో ఉన్న ఫోటో స్టూడియోలో నాగరాణి పదకొండేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, పుట్టినరోజు ఫ్లెక్సీలు అన్నీ చేస్తుంది గానీ, ఆమెకు పేరొచ్చింది మాత్రం చనిపోయినవాళ్ల ఫోటోలతోనే. ఊళ్ల నుంచి జనం ఫోన్లు పట్టుకుని వస్తారు. పెళ్లి గుంపులో ఎక్కడో నిలబడ్డ ముసలాయనను చూపించి, "గీ మొకం ఒక్కటి తియ్యమ్మా" అంటారు. నాగరాణి ఆ మొహాన్ని పక్కవాళ్ల భుజాల మధ్య నుంచి విడదీసి, వెనకాల నీలిరంగు వేసి, నుదుటి మీద నీడ తుడిచి ఇచ్చేది. చూసినవాళ్లు అక్కడే నిలబడి ఏడ్చేవాళ్లు. ఆమె వాళ్లకు కుర్చీ చూపించి తర్వాతి పనిలో పడేది.

ఆమె భర్త యాకోబు ట్రాక్టర్ల కంపెనీలో పని చేసేవాడు. పిల్లలు లేరు. ఫోటో అంటే అతనికి గిట్టదు. ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, నీళ్లు తాగే వంకతో పక్కకు పోయేవాడు.

ఒక మంగళవారం పొద్దున చిరాగ్‌పల్లిలో తెలిసినవాళ్లను కలిసి, కంపెనీ బస్సు కోసం హైవే పక్కన మోరీ గట్టు మీద కూర్చున్నాడు. బస్సు వచ్చింది. యాకోబు లేవలేదు. నిద్రపోయాడేమో అనుకుని డ్రైవర్ హారన్ కొట్టాడు. దవాఖానకు తీసుకుపోయేసరికి అంతా అయిపోయింది.

నాగరాణి ఏడవలేదు. సమాధి చేసిన రోజు పాస్టరమ్మ ఆమె వీపు నిమిరి, "ఏడ్వు బిడ్డా, లోపల పెట్టుకోకు" అంది. నాగరాణి తల ఊపింది. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలాగే ఉంది. పెట్టింది తింటోంది. చెప్పింది వింటోంది.

పదిహేనో రోజున ఇంటి ముందు పాస్టరు ప్రార్థన చేసే ఆదరణ కూడిక పెట్టాలన్నారు. దానికి ఫోటో కావాలి. అప్పుడు తెలిసింది, యాకోబుకు ఫోటో లేదని. పెళ్లి ఫోటోలో మీసం సరిగా రాని కుర్రాడు ఉన్నాడు. ఆధార్ కార్డు మీద ఉన్న మనిషిని చూస్తే పోలీసులు పట్టుకొచ్చినట్టుంది.

స్టూడియో యజమాని జగన్‌మోహన్ ఫోన్ చేశాడు. "ఆధార్ ఫోటోకే కోటు తొడుగుదాం నాగరాణమ్మా. నేను చేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

"కోటెప్పుడూ తొడగలే అన్నా ఆయన. జర ఆగుండ్రి, చూస్త" అంది.

ఆ మధ్యాహ్నం తన ఫోన్లో ఫోటోలన్నీ వెనక్కి జరుపుతూ పోయింది. నిరుడు యాకోబు తమ్ముడు చందర్ కూతురు ప్రియదర్శినికి ఓణీల ఫంక్షన్ అయింది. ఆ పిల్ల పంపిన ఫోటోల్లో ఒకటి దగ్గర ఆమె వేలు ఆగింది. ముందు ప్రియదర్శిని, ఆకుపచ్చ ఓణీలో, కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. వెనకంతా ఫోన్ కెమెరా పెట్టిన మసక. ఆ మసకలో, టెంటు గుంజ పక్కన, ఇటుకరంగు మరక లాంటి ఒక మనిషి. కుడి భుజం కిందికి జారి ఉంది.

నాగరాణి ఆ భుజాన్ని ఇరవై ఏళ్లు చూసింది.

కానీ యాకోబు ఆ ఫంక్షన్‌కు పోలేదు. అన్నదమ్ములకు మాటల్లేవు. మూడేళ్ల కింద నడి ఎండాకాలంలో వాళ్లమ్మ నారమ్మ పోయినప్పుడు యాకోబు డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ కంపెనీ లాకర్‌లో ఉంది. ఊళ్లో సాయంత్రం నాలుగు దాకా చూసి, ఇంక శవం ఆగదని మట్టి చేశారు. యాకోబు పోయేసరికి కొత్త మట్టి కుప్ప మీద నీళ్లు చల్లుతున్నారు. "అమ్మ మొకం చూడనియ్యలే" అన్నాడు తమ్ముడితో. అదే చివరి మాట. ఫంక్షన్ రోజు కూడా డ్యూటీ ఉందని టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లాడు. నాగరాణి కూడా పోలేదు.

వాట్సాప్‌లో వచ్చింది ఒట్టి నకలు. అందులో మసక ఫోటోకు అతుక్కుపోయి ఉంటుంది, విడదీయడం ఎవరి తరమూ కాదు. తీసిన ఫోన్లోనైతే మసక కింద అసలు ఫోటో భద్రంగా ఉంటుంది. మసకను ఎన్నాళ్లకైనా తగ్గించొచ్చు, పెంచొచ్చు. స్టూడియోకు వచ్చేవాళ్లకు ఈ మాట ఆమె వందసార్లు చెప్పి ఉంటుంది.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఝరాసంగం పోయింది. అక్కడి నుంచి చందర్ వాళ్ల ఊరికి ఇంకో ఆటో. ఆటోలో ఇద్దరు ఆడవాళ్లు కంది చేలకు పురుగు తగిలిందని మాట్లాడుకుంటున్నారు. నాగరాణి వాళ్ల మాటలన్నీ విన్నది. దిగాక ఒక్కటీ గుర్తు లేదు.

ఆమెను చూడగానే చందర్ భార్య ఎల్లమ్మ గాబరాగా లేచింది. "ఏమైందక్కా? ఒక్కదానివే వచ్చినవ్?"

"ఏం కాలే. పిల్ల ఫోన్ చూడాలె."

చందర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్నకు మట్టి వేసి, ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోయిన మనిషి. లేచి నిలబడ్డాడు గానీ మళ్లీ కూర్చున్నాడు.

ప్రియదర్శిని ఫోన్ తెచ్చింది. "నా దోస్తు తీసింది పెద్దమ్మా, నా ఫోన్లనే. ఎందుకు?"

"ఎడిట్ మీద ఒత్తు. కింద గీత లెక్క వస్తది చూడు. దాన్ని మెల్లగ గుంజు."

పిల్ల వేలు జరిపింది. మసక కొంచెం కొంచెంగా పలచబడింది. ముందు టెంటు గుంజలు వచ్చాయి. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల డ్రమ్ము, డ్రమ్ము మీద బోర్లించిన స్టీలు గ్లాసు. చివరికి ఇటుకరంగు చొక్కా, చేతిలో ప్లేటు, నిండుగా ఉబ్బిన ఒక బుగ్గ.

"పెదనాయిన!" అంది ప్రియదర్శిని.

చందర్ అరుగు దిగి వచ్చాడు. ఫోన్ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "అన్న వచ్చిండా?" అన్నాడు. "వదినే, నీకు ఎరికేనా?"

"లేదు. డ్యూటీకి పోతున్న అన్నడు."

"అందరి దగ్గరికి పోయి పోయి పలకరించిన నేను. ఎట్ల కనవడలే?" ఫోటోలో ప్లేటు మీద వేలు పెట్టాడు. "తిన్నడు సూడు," అన్నాడు మళ్లీ. "నా ఇంట్ల తిన్నడు. సంవత్సరం సంది రాలేదనే తిట్టుకున్న." ఫోన్ కూతురికిచ్చి ఇంటి వెనక్కి పోయాడు. గోడ అవతల నుంచి అతను ఏడవడం వినిపించింది. ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాగరాణి మాత్రం ఫోటో చూస్తోంది. తనకు చెప్పకుండా వచ్చినందుకు కోపం రావాలి. తమ్ముడింట్లో ముద్ద తిన్నందుకు మనసు చల్లబడాలి. ఏదైనా వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. మొహం గోరంత ఉంది, పెద్దది చేస్తే గింజలు గింజలుగా పగులుతుంది, అని మాత్రం అనుకుంది.

"ఆయన మొకం మీద ఒత్తు," అంది పిల్లతో. ఒత్తగానే యాకోబు ఇంకొంచెం తేలాడు. ముందున్న ప్రియదర్శిని ఆకుపచ్చగా కరిగిపోయింది. "గిట్లనే దాచి నాకు డాక్యుమెంట్ లెక్క పంపు. ఉత్తగ పంపితే ఖరాబైతది."

ఎల్లమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. నాగరాణి రెండు రొట్టెలు తిని, వచ్చిన దారినే తిరిగి వెళ్లింది.

స్టూడియోలో ఆ పని తానే చేస్తానంది. జగన్‌మోహన్ వద్దనలేదు. ప్లేటు కత్తిరించింది. గుంజ తీసేసింది. పగిలిన చోటల్లా నునుపు చేసింది, అయితే మరీ నునుపు చేస్తే వేరే మనిషి అవుతున్నాడని మళ్లీ వెనక్కి వచ్చింది. ఉబ్బిన బుగ్గ దగ్గర చాలాసేపు ఆగింది. కొంచెం నొక్కితే సరిపోతుంది, నలుగురికీ అలాగే చేసి ఇచ్చింది. చివరికి దాన్ని ముట్టుకోలేదు.

జగన్‌మోహన్ వెనక నుంచి చూసి, "నవ్వుతుండు, మంచిగుంది," అన్నాడు.

"నవ్వు కాదన్నా. నోట్లె బువ్వ ఉంది."

కూడిక రోజున ఫ్రేము కుర్చీ మీద పెట్టి, పూలదండ వేశారు. చందర్ కుటుంబంతో పొద్దున్నే వచ్చాడు. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చాడు, కుర్చీలు మోశాడు. పాస్టరు మాట్లాడుతున్నప్పుడు ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. నాగరాణి పాటలకు పెదాలు కదిపింది.

అందరూ వెళ్లాక చందర్ ఆమె దగ్గరకొచ్చాడు. "వదినే, నాకొక ఫోటో చేసియ్యి. మబ్బు లేకుండ. టెంటు, డ్రమ్ము, మా పిల్ల, అన్న, అంత రావాలె. ఏం కొయ్యకు."

"చేస్త," అంది.

అతను స్టూలు ఎక్కి ముందుగదిలో మేకు కొట్టి, ఫ్రేము తగిలించి, దిగి చూశాడు. "సక్కగుందా?" అని అడిగాడు.

ఫ్రేము ఒక పక్కకు వంగి ఉంది. పదకొండేళ్లు ఫోటోలు సరిచేసిన మనిషి, ఆ సంగతి అతనికంటే ముందే చూసింది.

"సక్కగనే ఉంది," అని, ఎల్లమ్మతో కలిసి గిన్నెలు కడగడానికి వెళ్లింది.