ఐదు గళ్లకు ఎన్ని మడతలు?

మందుల పెట్టెల్లో పెట్టే కాగితాలు మడవడం ఆమె పని. ప్రెస్సులో అందరికీ మడతలక్క. చేతిపనిలో ధ్యానముందని చెప్పేవాళ్లు ఒక్కరోజు నాలుగు వేల కాగితాలు మడిచి చూడాలి. ఉండేది విసుగే. ఆ విసుగులోనే ఆమెకో ప్రశ్న పుట్టింది: పొడవాటి కాగితాన్ని వరసగా గళ్లు చేసి, ఒక గడి మీద ఇంకో గడి పడేలా ఎన్ని రకాలుగా మడవొచ్చు?

ఒక గడికి ఒకటే. రెండింటికి రెండు, ఏది పైకొస్తే అదో రకం. మూడింటికి ఆరు. నాలుగింటికి పదహారు. ఐదింటికి నెల్లాళ్లు పట్టింది: నలభై ఎనిమిది. సోఫా కింద, ఫ్రిజ్ మీద, చివరికి మొగుడి చొక్కా జేబులోనూ నంబర్లేసిన కాగితం ముక్కలే.

"ఇల్లంతా చెత్త చేశావ్ వదినా. ఇదేమన్నా లెక్కా పాడా?" అంది కాలేజీ లైబ్రరీలో పనిచేసే ఆడపడుచు.

"అదేదో నువ్వే తేల్చు. లెక్క కాదంటే ఇవాళే అన్నీ ఊడ్చి పారేస్తా."

అది ఆదివారం మధ్యాహ్నం. ఆడపడుచు ల్యాప్‌టాప్ తెరిచింది. అంకెల వరసలకు నిఘంటువు లాంటి వెబ్‌సైటొకటుంది. నాలుగైదు అంకెలు కొడితే ఆ వరస దేనిదో చెబుతుంది. 1, 2, 6, 16, 48 కొట్టింది. ఏవేవో వచ్చాయి గానీ, కాగితం మడతల గురించి ఒక్క ముక్క లేదు.

మడతలక్క మొహం చిన్నబోయింది. "సరే, ఆ చీపురిలా ఇవ్వు."

"ఆగు తల్లీ! ఏమన్నా వదిలేశావేమో?"

"నేనా? పనికిరానివి తప్ప అన్నీ రాశా."

"పనికిరానివేంటి?"

"ఒకదాంట్లో కాగితం చుట్టలా చుట్టుకుపోయి చివరి గడి నడిమధ్య ఇరుక్కుపోతుంది. అలా మడిస్తే సూపర్‌వైజర్ మొహాన కొడతాడు. దాన్నే తిరగేస్తే ఇంకోటి."

"వదినా! ఇక్కడ నీ సూపర్‌వైజర్‌కేం పని?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అంతే, నవ్వాగలేదు. జీతం లేకుండా ఆ మనిషి ఆమె బుర్రలో కూడా డ్యూటీ చేస్తున్నాడు!

నలభై ఎనిమిది తీసేసి యాభై కొట్టారు. వచ్చింది: స్టాంపుల పట్టీని మడిచే పద్ధతులు.

"ఓసి నీ! నాలాంటి తిక్కవాళ్లు ఇంకా ఉన్నారే!" మడతలక్క కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆరు గళ్లకెన్నో కూడా ఉంది. చదవనా?"

మడతలక్క చటుక్కున తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "నోరు తెరిచావంటే ఊరుకోను. అది నేను లెక్కపెట్టుకుంటా. వెళ్లి మీ అన్నయ్య పేపరు చదవడం అయిందేమో చూడు. అవ్వకపోయినా ఆ పేపరు లాక్కురా, ముక్కలు కొయ్యాలి."