భార్గవతేజ పేరు మీద దయావతి

ఒడిశాలోని జయపురంలో ఒక నర్సింగ్‌హోమ్ కాన్పుల వార్డులో ముప్పయ్యేళ్లు పనిచేసిన దయావతి తెలుగులో పదకొండు నవలలు రాసిందని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అన్నీ గ్రహాంతర కథలే. డ్యూటీ దిగి వచ్చిన మధ్యాహ్నాలు, కూతురు జాయ్‌ని పక్కన పడుకోబెట్టుకుని నోటుబుక్కుల్లో రాసేది. విజయనగరంలోని ఒక వారపత్రిక సంపాదకుడికి పోస్టులో పంపేది. ఆయన మొదటి నవలను తెగ మెచ్చుకున్నాడు. అయితే రాకెట్ల కథ నర్సమ్మ రాసిందంటే పాఠకులు నమ్మరని, భార్గవతేజ అన్న పేరుతో వేస్తానని ఉత్తరం రాశాడు. అచ్చయితే చాలనుకుంది. ఆ ఉత్తరం దాచుకోవాలని తోచలేదు. పదకొండు నవలలూ ఆ పేరుతోనే వచ్చాయి. రాతప్రతులూ తిరిగి రాలేదు.

పత్రిక మూతపడింది, సంపాదకుడు పోయాడు. కిందటేడు జాయ్ ఫోనులో ఒక ప్రకటన చూపించింది. దయావతి రాసిన ‘నీడ లేని శిశువులు’ కొత్త ముద్రణ. అట్ట మీద భార్గవతేజ అంటూ సంపాదకుడి ఫొటో.

తల్లీకూతుళ్లు రైలెక్కి విజయనగరం వెళ్లారు. ఆవిష్కరణ సభ అయ్యాక దయావతి సంపాదకుడి కొడుకుని కలిసి, ఆ నవల తనదని చెప్పింది. అతను కోప్పడలేదు. కుర్చీ వేయించాడు. ఆ కథలన్నీ నాన్నగారు భోజనాల దగ్గర తమకు చెప్పినవేనన్నాడు.

“మూడో అధ్యాయంలో తల్లి బొడ్డుతాడు కొయ్యనివ్వకుండా పాట పాడతాది. ఎందుకో మీ నాన్నగారు సెప్పేరా?” అని అడిగింది.

“అదంతా కల్పన కదమ్మా” అన్నాడు.

కల్పన కాదు. నారాయణపట్న వైపు కొండ ఊరి నుంచి కాన్పుల వార్డుకు వచ్చిన ఒక తల్లి, చచ్చిపుట్టిన బిడ్డను విడదీయనివ్వకుండా అలాగే పాడింది. ఆ మాట అంతమందిలో చెప్పడానికి దయావతికి నోరు రాలేదు. అతను ఒక ప్రతి మీద ‘నాన్నగారి అభిమాని దయావతి గారికి’ అని రాసి చేతికిచ్చాడు.

తిరుగు రైల్లో జాయ్ ఉడికిపోయింది. కేసు వేద్దామంది.

“ఏటి సూపిత్తావమ్మీ? ఒక్క కాయితం ముక్కుందా? నా సేత్తో నేనే ఇచ్చీసేను” అంది దయావతి.

ఇంటికొచ్చాక పంతంగా పన్నెండో నవల పూర్తిచేసింది. మొదటిసారి సొంత పేరు పెట్టి ముగ్గురు ప్రచురణకర్తలకు పంపింది. ఒక్కరే జవాబిచ్చారు. రచన బాగుంది గానీ అడుగడుగునా భార్గవతేజను అనుకరించారని, సొంత గొంతు వెతుక్కోమని సలహా ఇచ్చారు.

దయావతి ఆ జవాబు రెండుసార్లు చదివింది. జాయ్‌కి మాత్రం చూపించలేదు.