జనరేటర్ కోసం వెళ్ళి తెచ్చిన కారు

గత నెల ఒక మంగళవారం, క్లాసులో జవాబు పత్రాలు పంచుతుండగా ఫోను మోగింది. బడిలో ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు. కానీ అది మా పెద్దమ్మ జీన్స్ యూనిట్‌లో సూపర్‌వైజరుగా ఉన్నావిడ నంబరు. "మేడం, అమ్మ పోయినాది," అంది. పొద్దున కాఫీ తాగి, వరండాలో కుర్చీలో వెనక్కి వాలిందట. టిఫినుకు పిలిస్తే పలకలేదట.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్‌ను ఒంటిచేత్తో నడిపింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్ళు ఈరోజు ఊరి నిండా ఉన్నారు. చివరిచూపుకు వచ్చినవాళ్ళందరూ ఆ సంగతే తలుచుకున్నారు, తలుచుకోవలసిందే. నాకు మాత్రం ఆమె పేరు చెబితే పెట్రోలు వాసనా, ఒక పాత స్పోర్ట్స్ కారూ గుర్తుకొస్తాయి. ఆమె చివరి ఏళ్ళలో నేను పడ్డంత సంబరం చిన్నప్పుడు కూడా పడలేదు. అది మీతో చెప్పుకోవాలనిపించింది.

అయిదారేళ్ళ కిందట, మూతపడిన ఒక గని బంగళాలో పాత సామాను వేలం వేస్తున్నారంటే, యూనిట్‌కు జనరేటర్ కొందామని పెద్దమ్మ వెళ్ళింది. సాయంత్రానికి సంగనకల్లు దారిలో ఉన్న ఆమె ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. ట్రాలీ మీద తుప్పు పట్టిన కారొకటి ఉంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, చక్రాలకు సైకిలుకున్నట్టు ఊచలు. తలుపులు ఎంత పొట్టివంటే, లోపల కూర్చుంటే చేత్తో నేలను తాకవచ్చు. సీట్లలో స్ప్రింగులు పైకి లేచి, వాటి మధ్య ఎలుకల గూడు.

"జనరేటర్ యాడ పెద్దమ్మా?" అన్నాను.

"దాన్ని ఎవురో కొనుక్కొని పోయినారు మే. దీన్ని ఎవురూ అడగలేదు. దీని ముక్కు చూడు, ఎంత పొడుగుండాదో!"

"కరెంటు పోతే యూనిట్‌లో ఏం చేస్తారు?"

"చల్లగ కూర్చుంటారు," అంది, కారు మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

కారును ఇంటి పక్క షెడ్డులో పెట్టారు. అది పాత కటింగ్ రూము. గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల ఇంకా అక్కడే ఉంది. కప్పగల్లు దారిలో ట్రాక్టర్లు బాగుచేసే మిస్త్రీని పిలిపించింది. ఆయన బానెట్ ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంజన్ జామ్ అయిపోయినాది అక్కా. గుజరీకి వేసేయి, ఇనుము ధరకు పోతాది."

"చెయ్యి పెట్టి చూసినావేమప్పా, కంటితో చూసే చెప్తాండావా?"

మిస్త్రీ నవ్వి చొక్కా చేతులు మడిచాడు. ఆ మడిచిన చేతులు మూడేళ్ళ దాకా దించలేదు.

ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో డీజిలూ కిరసనాయిలూ కలిపి పోశారు. పెద్దమ్మ రోజూ రెండు పూటలా, ఇంజను ముందు బోల్టుకు పొడవాటి పానా తగిలించి, చీర కొంగు నడుముకు దోపుకొని, బరువంతా వేసి లాగేది. వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను బడిలో అన్నం తింటుంటే ఫోను చేసింది. "కదిలినాది మే! గోరంత కదిలినాది! బేగ రా!" హెడ్మాస్టరు దగ్గర సగం రోజు సెలవు తీసుకున్నాను. కారణం ఏమిటని అడిగితే, ఇంట్లో పెద్దవాళ్ళ పని అన్నాను. అబద్ధం కాదు కదా.

పెద్దమ్మకు కార్లు తెలియవు. సరుకు వ్యాను నడపడం తెలుసు, కుట్టుమిషన్లు తెలుసు. ఆ రెండూ చాలనుకుంది. ఊడదీసిన ప్రతి సామానునూ కటింగ్ బల్ల మీద పెట్టి, దాని చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన నంబరు రాసేది. ప్యాంటుకు ముందు భాగం, వెనక భాగం, జేబు, నడుంపట్టీ వరసగా పరచినట్టే గేరుబాక్సు మొత్తం బల్ల మీద పరుచుకుంది. మిస్త్రీ మొదట ఎగతాళి చేశాడు. కొన్నాళ్ళకు ఆయన దుకాణానికి వెళ్ళి చూస్తే, అరుగు నిండా సుద్దగీతలు.

మన దగ్గర దొరికే పానాలు కారు బోల్టులకు పట్టేవి కావు. ఆ బోల్టులన్నీ అంగుళాల కొలతవి. మిస్త్రీ వాళ్ళ నాన్న వాడిన పాత పానాల పెట్టె అటకమీది నుంచి దించి తెచ్చిన రోజు మా షెడ్డులో పండగే. మొదటి పానా మొదటి బోల్టుకు టక్కున కూర్చుంటే ముగ్గురం చప్పట్లు కొట్టాం. రంగు గీకుతుంటే మూడు పొరల కింద అసలు రంగు బయటపడింది. ఎండుమిరపకాయ ఎరుపు. పెద్దమ్మ వేలు తడిచేసుకుని ఆ చోట రుద్దింది. నున్నగా మెరిసింది. "ఇన్నేండ్లు లోపల ఇట్ల పెట్టుకోనుండాదే!" అని కారును మెచ్చుకుంది.

అంతా సాఫీగా జరగలేదు. సిలిండర్ల మీది మూత బిగించే పని ఒక ఆదివారం నాకు అప్పగించింది. నాలోని ఉత్సాహమంతా చేతిలోకి వచ్చి ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగించాను. టప్‌మని, మూతను పట్టి ఉంచే స్టడ్డు విరిగింది. సగం నా చేతిలో, సగం ఇంజను లోపల. నెలల పని పాడుచేశానని ఏడుపొచ్చింది. పెద్దమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"కుట్టు బిగుతుగ పడితే ప్యాంటు గట్టిగుంటాదని కొత్తగా చేరినోళ్ళు అనుకుంటారు మే. అదే ముందు తెగేది. గట్టిగుండేది వేరు, బిగుతుగుండేది వేరు." ఆ ముక్కను బయటికి తీయడానికి మిస్త్రీకి రెండు రోజులు పట్టింది. కొత్త స్టడ్డు వచ్చాక పెద్దమ్మ పానా మళ్ళీ నా చేతికే ఇచ్చింది. నా క్లాసులో పిల్లలు తప్పు చేసినప్పుడు సుద్దముక్క మళ్ళీ వాళ్ళ చేతికే ఇవ్వడం ఆ రోజు నుంచే నేర్చుకున్నాను.

ఇంకో రోజు ఆమె నన్ను పానా అడిగింది. అది ఆమె మోచేతి పక్కనే ఉంది. "అక్కడే ఉంది కదా" అన్నాను. ఆమె చెయ్యి బల్ల మీద తడుముకుంటూ పోయింది. తడిమేదాకా అది ఆమెకు కనబడలేదు. అప్పుడు చెప్పింది. గ్లాకోమా. పక్క చూపు మూసుకుపోతోందట. గొట్టంలోంచి చూసినట్టు ఎదుటిది మాత్రమే కనబడుతోందట. మందులు దాన్ని నిదానం చేస్తాయే గాని పోయిన చూపు తిరిగి రాదని, ఇక బండి నడపవద్దని డాక్టరు చెప్పాడట.

"ఎప్పటి నుంచి?"

"జనరేటర్ కొనేదానికి పోయిన దినం, ముందు ఆ డాక్టరు దగ్గరికే పోయింటి."

ఆమె పానా అందుకుని, "రేడియేటర్ పట్టుకో, సుమ్నే ఊరికే నిలబడొద్దు," అంది.

ఇంజను మొదటిసారి పలికిన ఉదయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ట్రాక్టరు బ్యాటరీ తగిలించారు. మిస్త్రీ బిస్మిల్లా అన్నాడు, పెద్దమ్మ కళ్ళు మూసుకుంది, నేను మీట లాగాను. దగ్గింది. మళ్ళీ దగ్గింది. నీలం పొగ షెడ్డు నిండా కమ్మింది. ఉన్నట్టుండి గర్జించింది! రేకుల కప్పు అదిరి, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మిస్త్రీ ఎగిరి గంతేశాడు. పెద్దమ్మ ఒక్కతే చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది.

"మూడోది పలుకుతా లేదు."

మిస్త్రీ ఒక్కొక్క వైరూ తీసి చూశాడు. మూడో సిలిండరు వైరు తీసినా ఇంజను చప్పుడు మారలేదు. ఆమె చెప్పింది నిజమే. నలభై కుట్టుమిషన్లు ఒకేసారి ఆడుతున్నప్పుడు, ఏ మిషను సూది మొద్దుబారిందో తన గదిలోంచే చెప్పే మనిషి ఆమె. మూడోదాని ప్లగ్గు మార్చాక కార్బొరేటర్ల వంతు వచ్చింది, ఆ కారుకు అవి రెండు. రెండూ ఒకే తీరుగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, ఇంకో కొస ఇటూ అటూ మారుస్తూ, "దీన్ని రవ్వంత తిప్పు... సాకు, చాలు," అని మిస్త్రీతో చెప్పి సరిచేయించింది. ఆ పనికి ఆమెకు కళ్ళు అక్కరలేదు.

సీట్లు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మందపాటి డెనిమ్ గుడ్డతో, పసుపు దారంతో, చూపు చాలినంత వరకు తనే కుట్టింది. చాలని చోట వేళ్ళతో తడుముకుంటూ కుట్టింది.

కారు తయారయ్యాక ఒక మాట అడిగింది. "రోడ్డు మీద నడపొద్దన్నాడు కదా డాక్టరు. కల్లంలో వద్దన్లేదే?"

మా జిల్లా ఎమ్మిగనూరు దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో ఆమెకు తెలిసినవాళ్ళ రైసుమిల్లు ఉంది. దాని వెనక వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మైదానమంత ఉంటుంది. సీజను అయిపోయి ఖాళీగా ఉంది. అక్కడిదాకా నేను నడిపాను. మిల్లు యజమాని భార్య గేటు తీసి, "మీరు నడుపుతారా అక్కయ్యగారూ! అమ్మో, ఉండండి, మా కోళ్ళను గంప కింద కమ్మేసి వస్తాను," అంటూ పరుగెత్తింది.

పెద్దమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్క సీట్లో, చేతి బ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

"నువ్వు కండ్లు, నేను కాళ్ళు. యాడ తిప్పల్లో ముందే చెప్పు," అంది.

మొదటి చుట్టు నిదానంగా. రెండో చుట్టుకు గేరు మార్చింది. మూడో చుట్టులో గాలికి నా చున్నీ ఎగిరిపోయింది. "కుడికి! కుడికి పెద్దమ్మా!" అని అరుస్తున్నాను. ఆమె తిప్పుతోంది, టైర్లు కీచుమంటున్నాయి, ఆమె నవ్వుతోంది.

"ఎంతలో పోతాండాం?"

"ముప్పై అయిదు!"

"అంతేనా?"

"అవి మైళ్ళు పెద్దమ్మా!"

"ఓర్నీ!" అని ఇంకా తొక్కింది.

ఎన్ని చుట్లు తిరిగామో తెలియదు. చివరికి కల్లం నడిమధ్యలో తనే ఆపింది. "ఆయ్తు, అయిపోయింది," అంది. అంతే. ఇటు వచ్చి పక్క సీట్లో కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ నడపలేదు, నడుపుతానని అడగలేదు. చూపు పూర్తిగా తగ్గిపోయిన ఆ తర్వాతి రెండేళ్ళలో, నేను నడుపుతుంటే పక్కన కూర్చుని దారి చెప్పించుకునేది. కుసుమ పూసిందా, మిరప ఎండేశారా, ఎదురుగా వచ్చేవాళ్ళు కారును చూసి ఏమంటున్నారు, అన్నీ కావాలి ఆమెకు.

పదకొండో రోజు భోజనాలయ్యాక, ఆమె యూనిట్‌లో గుండీలు కుట్టే పెద్దావిడ నా దగ్గరకు వచ్చింది. "మేడం, అమ్మ మమ్మల్నందరినీ దాంట్లో తిప్పిస్తా అనింది. బండిలో జాగా ఒక్కరికే గదా, పనిదినాల్లో కుదరలేదు," అంది సిగ్గుపడుతూ.

నేను షెడ్డు తలుపు తీశాను. ఆవిడ తల మీది కొంగు చెవుల చుట్టూ బిగించి, నెమ్మదిగా కారులోకి దిగి కూర్చుంది. సంగనకల్లు గుట్ట కనబడే మలుపు దాకా వెళ్ళి వచ్చాం. వచ్చేసరికి ఆవిడ బుగ్గలు తడిసి ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు. ఇంకొకావిడ ఎక్కింది. ఆ తర్వాత ఇంకొకావిడ. నాలుగోసారి గేటు దాటుతూ అద్దంలో చూశాను. ఇంటి గోడ నీడలో పాతికమంది ఆడవాళ్ళు చెప్పులు సర్దుకుంటూ, కొంగులు దోపుకుంటూ, నా వెనకెవరు నీ వెనకెవరు అని గొడవపడుతూ వరసలో నిలబడి ఉన్నారు.